పెద్దత్తగారి పేరేంటి?

2015 జులై. గోదావరికి పుష్కరాలు. రాజమండ్రిలో ఓ ఘాట్ మెట్ల మీద తడిపంచెతో కూర్చున్నారు మాస్టారు. ముందు విస్తరాకు, నువ్వులు, దర్భలు. వెనక వంతు కోసం నిలబడ్డ జనం. పంతులుగారు తొందరపడుతున్నారు.

‘‘గోత్రం?’’

చెప్పారు.

‘‘నాన్నగారి పేరు? తాతగారు? ముత్తాతగారు?’’

తడుముకోకుండా చెప్పారు.

‘‘ఆడవాళ్ళ పేర్లు?’’

అమ్మ బతికే ఉంది కాబట్టి ఆవిడ పేరు ఆ వరసలో రాదు. మామ్మ పేరు చెప్పారు. ముత్తాతగారి భార్య దగ్గరకొచ్చేసరికి నోరు తెరిచారు కానీ మాట రాలేదు.

పంతులుగారికి ఇది కొత్త కాదు. ఏదో సర్ది, మంత్రాన్ని ముందుకు నడిపించేశారు. మాస్టారి మనసు మాత్రం అక్కడే ఆగిపోయింది. ముప్ఫై ఏళ్ళకు పైగా హైస్కూల్లో సోషల్ చెప్పిన మనిషాయె! బాబరు నుంచి ఔరంగజేబు దాకా వరసగా అప్పజెప్పలేని పిల్లల్ని బెంచీ ఎక్కించిన మనిషి. తన ఇంటి వరస మూడో మెట్టు దగ్గరే తప్పింది.

ఆ సాయంత్రం దానవాయిపేటలోని ఇంటికొస్తూనే తల్లిని అడిగారు.

‘‘అమ్మా, తాతయ్య వాళ్ళమ్మ పేరేంటి?’’

‘‘పెద్దత్తగారు’’ అందావిడ.

‘‘అది వరసమ్మా. పేరు?’’

‘‘పెద్దత్తగారి పేరు నేనెలా పలుకుతానురా?’’

ఆవిడ ఆ ఇంట్లో అడుగుపెట్టింది 1950లో. పెద్దత్తగారితో ఏడేళ్ళు ఒకే కప్పు కింద ఉంది. ఆవిడకి పనసపొట్టు కూరలో ఆవ ఎంత పడాలో తెలుసు. రాత్రిళ్ళు ఏ కాలు లాగుతుందో తెలుసు. చివర్లో మంచం మీద ఉన్నప్పుడు ఒళ్ళు తుడిచింది కూడా ఈవిడే. పేరు మాత్రం తెలియదు. తెలుసుకోవాల్సిన అవసరమే రాలేదు. భర్త పేరు, అత్తమామల పేర్లు కోడలి నోట రాకూడదని ఆ రోజుల్లో కట్టడి. కొత్త దంపతుల్ని గడప దగ్గర నిలబెట్టి పేర్లు చెప్పిస్తారు చూడండి... చాలామంది ఇల్లాళ్ళు జీవితంలో భర్త పేరు పైకి పలికింది ఆ ఒక్కసారే. ఇక అత్తగారి పేరుకి ఆ ఒక్క అవకాశమూ లేదు. గౌరవం కొద్దీ పలకలేదు. పలకని పేరు రెండు తరాలకి మాసిపోయింది!

రంగం నుంచి వచ్చిన అట్ట

పుష్కరాలయ్యాక భోషాణం తెరిచారు. పైన పెళ్ళి శుభలేఖలు, జాతక చక్రాలు. కింద నల్ల కాగితాల ఆల్బమ్. మూలల్లో త్రికోణం అంటింపులు ఊడిపోయి, ఫొటోలు అటూ ఇటూ జారుతున్నాయి. అన్నిటికంటే అడుగున గుడ్డలో చుట్టిన మందపాటి అట్ట. దానిమీద గోధుమరంగుకు తిరిగిన ఫొటో. స్తంభాలు, మెట్లు గీసిన తెర ముందు కుర్చీలో తలపాగా, కోటుతో ఓ పెద్దమనిషి, ఒళ్ళో గొడుగు. పక్కన కుర్చీ మీద చెయ్యేసి నిలబడ్డ ఆవిడ. చూపు కెమెరా మీద లేదు, కాస్త పక్కకుంది. వెనక స్టూడియో ముద్ర సగానికి పైగా చెరిగిపోయింది. ‘రంగూన్’ అన్న మాట ఒక్కటే తెలుస్తోంది.

‘‘ఈవిడే పెద్దత్తగారు’’ అంది తల్లి, కళ్ళజోడు సర్దుకుని. ‘‘రంగం నుంచి వచ్చేసిన తర్వాత మళ్ళీ ఫొటో దిగలేదు.’’

రంగం అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు కానీ గోదావరి జిల్లాల్లో మొన్నమొన్నటిదాకా ఇంటింటి మాట. రంగూన్‌కి మనవాళ్ళు పెట్టుకున్న పేరది. కాకినాడ, విశాఖ రేవుల్లో స్టీమరెక్కి బర్మా వెళ్ళేవారు. ఓడరేవులో మూటలు మోసినవాళ్ళు, బియ్యం మిల్లుల్లో పనిచేసినవాళ్ళు, లెక్కలు రాసిన గుమాస్తాలు... అన్ని రకాల వాళ్ళూ ఉన్నారు. ఈ ముత్తాత గుమాస్తా. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీల సమ్మె, దాని వెంట వాళ్ళమీద విరుచుకుపడ్డ అల్లర్లు చూశాక ఆ దంపతులు ఇల్లు సర్దుకుని వచ్చేశారని ఈ ఇంట్లో చెప్పుకుంటారు. అప్పుడు రానివాళ్ళలో చాలామంది 1942లో జపాన్ దండు వచ్చినప్పుడు అడవుల్లో నడిచి రావాల్సి వచ్చింది. అలా వచ్చినవాళ్ళు ఫొటోలేం తెచ్చుకుంటారు!

అసలు ఆ కాలంలో ఆడవాళ్ళకి ఫొటో ఉండటమే విశేషం. కెమెరా ముందు నిలబడితే ఆయుష్షు తగ్గుతుందని భయం. భర్త పోయినావిడైతే స్టూడియో గడప తొక్కే మాటే లేదు. కొన్ని ఇళ్ళలో ఇల్లాలి ఒకే ఒక్క ఫొటో ఆవిడ పోయాక తీసిందే. పటం కట్టి, అద్దం మీద కుంకుమ బొట్టు పెట్టి గోడకి తగిలించేవారు. దండేసి దణ్ణం పెట్టేవాళ్ళున్నంత కాలం పేరు గుర్తుండేది. ఇంటికి సున్నాలేసినప్పుడు ఆ పటం దిగి అటకెక్కిందా... అంతే సంగతులు.

మాస్టారి అత్తారింట్లో ఆ అటక కూడా మిగల్లేదు. కోనసీమలో లంక గ్రామం వాళ్ళది. 1986 ఆగస్టు వరద సంగతి ఇక్కడివాళ్ళకి చెప్పాలా? భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల ప్రవాహం. నీళ్ళు తీశాక ఆల్బమ్ దొరికింది. ఫొటోలన్నీ ఒకదానికొకటి అతుక్కుని ఇటుకలా అయిపోయింది. విడదీయబోతే మొహాలు ఊడొచ్చాయి. మాస్టారి భార్యకి ఇప్పుడు తన తల్లి ఫొటో అంటూ ఉన్నది బంధువుల పెళ్ళి గ్రూపు ఫొటోలో, వెనక వరసలో, సగం భుజం చాటున కనిపించే ముఖం ఒక్కటే.

అందుకే ఈ భోషాణం విషయంలో ఆవిడ గట్టిగా ఉంది. లామినేషన్ చేయిస్తానన్న మాస్టారిని వద్దంది. ఆ వేడికి, జిగురుకి పాత ఫొటో పాడైతే మళ్ళీ వెనక్కి రాదు. పటాల అద్దాలకు అంటుకుపోయిన వాటిని పీకొద్దంది. అద్దంతోనే ఫొటో తీయించింది. పేర్లు బాల్‌పెన్నుతో రాస్తే అచ్చు ముందుకు తేలుతుందని మెత్తటి పెన్సిల్ తెప్పించింది. సోషల్ మాస్టారికి ఇంట్లో కొత్త టీచరు దొరికినట్టయింది.

రాగిరేకుల మీద 18 ఏళ్ళు

రాజమండ్రి వాళ్ళకి వంశావళి కొత్త సంగతేమీ కాదు. వేంగి చాళుక్యుల రాగి శాసనాలు చూడండి... కుబ్జ విష్ణువర్ధనుడు 18 ఏళ్ళు పాలించాడని మొదలుపెట్టి, ఆ తర్వాత ఎవరు ఎన్నేళ్ళు ఏలారో వరసపెట్టి చెబుతాయి. నారాయణ భట్టుకి రాజరాజ నరేంద్రుడు ఇచ్చిన నందంపూడి శాసనంలోనూ ఆ వరస ఉంది. ఇలాంటివి వెతికి చదవడానికి 1922లో ఇదే ఊళ్ళో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పుట్టింది. వెయ్యేళ్ళ కిందటి రాజుల జాబితా అక్షరం పొల్లుపోకుండా ఉన్న ఊళ్ళో, నూరేళ్ళ కిందటి ఇల్లాలి పేరు దొరక్కపోవడం మాస్టారికి భలే చిరాకు.

ఫొటోని చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టారు. దండాలు వచ్చాయి, పువ్వులు వచ్చాయి, ‘నైస్ పిక్’ వచ్చింది. పేరొక్కటే రాలేదు.

వేసవి సెలవులకి హైదరాబాద్ నుంచి వచ్చే మనవరాలికి ఈ వెతుకులాట నచ్చింది. మొదట్లో దాని ప్రశ్నలు వేరు.

‘‘ఆయన కూర్చుంటే ఈవిడెందుకు నిలబడింది తాతమ్మా?’’

‘‘కూర్చుంటే చీర అంచు ఎలా కనబడుతుందే?’’

ఆ జవాబు నిజమో కాదో గానీ, అప్పట్నుంచి ఆ పిల్ల రోజూ సాయంత్రం ఫోన్ రికార్డర్ నొక్కి తాతమ్మ పక్కన చేరేది. ఒక్కో ఫొటో చూపిస్తుంది. ఆవిడ చెబుతుంది. ‘‘వీడు మా మరిది. ఈత రాదు, అయినా పడవెక్కేవాడు.’’ ‘‘ఇది ఎవరో పెళ్ళికొచ్చినావిడ, మనవాళ్ళు కాదు.’’ యాభైకి పైగా ఫొటోల్లో చాలావాటికి పేర్లు దొరికాయి. మాస్టారు ఒక్కడే కూర్చుని అడిగితే రెండు మాటల్లో తేల్చేసే తల్లి, మునిమనవరాలికి గంటలు గంటలు చెప్పడం ఆయనకి కాస్త అసూయే.

రంగం వెళ్ళినవాళ్ళ పేర్లు ఎక్కడైనా దొరుకుతాయేమోనని వెతుకుతూ ఆ పిల్ల మారిషస్ దాకా వెళ్ళింది, కంప్యూటర్లోనే లెండి. కాకినాడ పక్కన కోరంగి రేవుండేది కదా. అక్కడి నుంచి 1830ల్లోనే మనవాళ్ళు మారిషస్ చెరకు తోటలకి వెళ్ళారు. ఆ రేవు పేరుతోనే అక్కడ తెలుగువాళ్ళని కోరంగీలన్నారు. ఒప్పందం మీద వెళ్ళిన ప్రతి కూలీకి ఓ నంబరు. రిజిస్టర్లో పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు, ఒంటిమీద గుర్తులు. 1860ల నుంచి ఫొటోలు కూడా. అవన్నీ మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి. అక్కడి మునిమనవలు వెళ్ళి తమ పూర్వీకుల కాగితాలు తీయించుకుంటారు.

మరి రంగానికి? అక్కడికి ఎక్కువమంది వెళ్ళింది మేస్త్రీలిచ్చిన బయానా మీద, లేదా సొంత ఖర్చుతో. నంబరు లేదు, ఫొటో లేదు. బతుకు తాకట్టు పెట్టుకున్నవాళ్ళ వివరాలు దొర రాసుకున్నాడు గనక మిగిలాయి. స్వేచ్ఛగా వెళ్ళినవాళ్ళ జాడ లేదు. వింతగా లేదూ?

మారిషస్ వాళ్ళకీ ఓ చిక్కుంది. పేరుంటుంది, ఊరు దొరకదు. గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాశాడు. పైగా 1859 దాకా రాజమండ్రి అంటే ఊరే కాదు, జిల్లా కూడా. ఆ తర్వాత గోదావరి జిల్లా అయింది. 1925లో తూర్పుగోదావరి అయింది. 2022లో మళ్ళీ ముక్కలై, కోనసీమ, కాకినాడ వేరే జిల్లాలయ్యాయి. కాబట్టి పాత కాగితంలో ‘రాజమండ్రి’ అని ఉంటే ఆ మనిషి కోటగుమ్మం పక్కనే పుట్టాడనుకోవడానికి లేదు. ఎక్కడో ఏటిపట్టు పల్లె కూడా కావచ్చు.

చిట్టి అత్తయ్య

పేరు చివరికి దొరికింది రిజిస్టర్లలో కాదు. ఓ వేసవి సాయంత్రం, తాతమ్మ చేతికి జడగంటలు పెట్టుకున్న అమ్మాయి ఫొటో వచ్చింది. మాస్టారి మేనత్త.

‘‘ఇది చిట్టి. దీన్ని అసలు పేరుతో ఎవరూ పిలవలేదు.’’

‘‘ఎందుకు తాతమ్మా?’’

‘‘వాళ్ళ మామ్మ పేరు పెట్టారుగా. మా అత్తగారు కూతుర్ని ఆ పేరుతో ఎలా పిలుస్తారే? ఎప్పుడైనా తిట్టాల్సొస్తే అత్తగారిని తిట్టినట్టు అవదూ!’’

పక్కగదిలో పేపరు చదువుకుంటున్న మాస్టారు లేచి వచ్చారు. చిట్టి అత్తయ్య అసలు పేరు ఆయనకీ తెలియదు. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. కొడుకు భిలాయ్‌లో ఉంటాడు. అప్పటికప్పుడు ఫోన్ చేశారు.

‘‘మా అమ్మ పేరు నీకు తెలియదా బావా?’’ అని అవతల ఒకటే నవ్వు. తర్వాత చెప్పాడు.

మాస్టారికి ఇంకో ఆధారం ఉంటేగానీ తృప్తి లేదు. ఇనప్పెట్టెలో ముత్తాత పోయాక అరెకరం అమ్మిన క్రయ దస్తావేజు ఉంది. అంతా గొలుసుకట్టు రాత. అంతకుముందు రెండుసార్లు ప్రయత్నించి వదిలేసిందే. ఈసారి భూతద్దం పట్టుకుని చివరి పేజీ తీశారు. వెతుకుతున్న పేరేదో తెలిసింది కదా, ముద్దగా కనిపించిన గీతలు అక్షరాలుగా విడిపోయాయి. ‘...గారి భార్య’ తర్వాత అదే పేరు. ‘నిశాని’ అని రాసి, పక్కన నల్లసిరాతో ఎడమచేతి బొటనవేలి ముద్ర. గీతలు ఇప్పటికీ స్పష్టంగా ఉన్నాయి. మనవరాలు తన బొటనవేలు దాని పక్కన పెట్టి చూసుకుంది.

ఆ పేరు పత్రికలో వేయొద్దన్నారు మాస్టారు. 2027లో గోదావరికి మళ్ళీ పుష్కరాలు. ముందు ఘాట్ మెట్ల మీద ఆ పేరు తన నోట పలకాలట. ఆ తర్వాత ఎవరు రాసుకున్నా సరే.

మనవరాలు మాత్రం మెత్తటి పెన్సిల్‌తో ఫొటో వెనక, స్టూడియో ముద్ర కింద రాసింది. రాసి తాతమ్మ చెవి దగ్గర నోరుపెట్టి నెమ్మదిగా చెప్పింది. 91 ఏళ్ళ ఆవిడ విని, తలాడించింది.

‘‘నువ్వూ ఒక్కసారి చెప్పు తాతమ్మా, రికార్డవుతోంది.’’

‘‘పెద్దత్తగారు’’ అందావిడ.