జింగిల్‌ బెల్స్‌... ఏ ఊరి పాట?

డిసెంబరు వచ్చిందంటే చాలు... షాపింగ్‌ మాల్స్‌లో, స్కూలు ఫంక్షన్లలో అదే పాట. ఏబీసీడీలు పూర్తిగా రాని ఎల్‌కేజీ పిల్లలు కూడా పాడేస్తారు. నిజానికి 'జింగిల్‌ బెల్స్‌'లో ఏసు లేడు, శాంటాక్లాజ్‌ లేడు, అసలు క్రిస్మస్‌ అన్న మాటే లేదు! ఉన్నదల్లా మంచు మీద గుర్రబ్బండి షికారు. ఆ పాట మాదంటే మాదని అమెరికాలో రెండు ఊళ్లు పోటీపడుతున్నాయి.

మొదటిది బోస్టన్‌ పక్కనున్న మెడ్‌ఫర్డ్‌. అక్కడి హై స్ట్రీట్‌లో ఓ గోడకి ఫలకం కనిపిస్తుంది. ఒకప్పుడు అక్కడ సింప్సన్‌ టావెర్న్‌ అనే సత్రం ఉండేది. జేమ్స్‌ లార్డ్‌ పియర్‌పాంట్‌ 1850లో అక్కడే ఈ పాట కట్టాడని ఆ ఫలకం చెబుతుంది. ఆ కాలంలో చలికాలమొస్తే ఊళ్లో స్లెడ్జిబళ్ల పందేలు జోరుగా సాగేవి. వాటికి చక్రాలుండవు. మంచు మీద చప్పుడు చేయకుండా దూసుకొస్తాయి. ఎదుటివాళ్లు తప్పుకోవాలంటే మన ఎడ్లకు కట్టినట్టే గుర్రాలకీ గంటలు కట్టాల్సిందే. పాటలో మోగేవి ఆ గంటలే.

రెండోది వెయ్యి మైళ్ల దూరంలో, మంచు అరుదుగా కురిసే సవానా. జార్జియా రాష్ట్రంలోని ఈ ఊళ్లో ట్రూప్‌ స్క్వేర్‌ దగ్గర యూనిటేరియన్‌ చర్చి ఉంది. ఆ చర్చికి పియర్‌పాంట్‌ అన్న పాస్టరు, ఆయన ఆర్గాన్‌ వాయిద్యకారుడు. 1857లో పాట అచ్చయ్యేనాటికి పియర్‌పాంట్‌ ఇక్కడివాడేనన్నది సవానా వాదన. ఇక్కడా ఓ స్మారక ఫలకం!

ఇంతకీ రుజువులు ఎటువైపు? రెండు ఊళ్లవైపూ కాదు. బోస్టన్‌ యూనివర్సిటీకి చెందిన నాటకరంగ చరిత్రకారిణి కైనా హామిల్‌ 2017లో తన పరిశోధన ప్రచురించారు. ఆమె తవ్వి తీసిన ఆధారాల ప్రకారం ఈ పాటను మొదట పాడింది 1857 సెప్టెంబరు 15న, బోస్టన్‌ వాషింగ్టన్‌ స్ట్రీట్‌లోని ఆర్డ్‌వే హాల్లో. అది 'మిన్‌స్ట్రెల్‌ షో'... అంటే తెల్లనటులు ముఖానికి మసి పూసుకుని నల్లజాతివారిని వెక్కిరించే ప్రదర్శన. మర్నాడే పాటకు కాపీరైట్‌ నమోదైంది. అప్పటి పేరు 'వన్‌ హార్స్‌ ఓపెన్‌ స్లే'. 1859లో మళ్లీ అచ్చేసినప్పుడు 'జింగిల్‌ బెల్స్‌' అయింది.

పియర్‌పాంట్‌ తండ్రి బానిసత్వాన్ని ఎదిరించిన మతబోధకుడు. అంతర్యుద్ధంలో ఆయన ఉత్తరాది సైన్యంలో చాప్లెయిన్‌గా పనిచేశారు. కొడుకేమో బానిసత్వం కోసం నిలబడ్డ దక్షిణాది అశ్వికదళంలో గుమాస్తాగా చేరాడు. 1893లో ఫ్లోరిడాలో కన్నుమూశాడు. సమాధి మాత్రం సవానాలోనే.

పిల్లలతో ఈ పాట పాడించవచ్చా అన్న చర్చ అమెరికా స్కూళ్లలో ఇప్పటికే మొదలైంది. పాటలోని సరదా అబద్ధం కాదు, తొలి వేదిక మీది వెక్కిరింతా అబద్ధం కాదు. పిల్లలకు పాటతోపాటు ఆ కథా చెబితే సరి.

బోస్టన్‌లో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలు మెడ్‌ఫర్డ్‌ ఫలకాన్ని తేలిగ్గానే చూసి రావచ్చు. వాషింగ్టన్‌ స్ట్రీట్‌లో మాత్రం ఆర్డ్‌వే హాలు కనిపించదు. అదున్న భవనాన్ని ఎప్పుడో కూల్చేశారు.