ఓడించడానికి ఒకరుండాలి

లారీ ఎల్లిసన్ పేరు తెలియకముందే అతని సరుకుతో నాకు పరిచయం. అమీర్‌పేట వీధుల్లో తిరిగిన నాబోటివారెందరికో ఒరాకిల్ అంటే ముందొక కోర్సు, తర్వాతొక జీతం. అదొక కంపెనీ అన్నది ఆ పైన తెలిసిన సంగతి. అన్నం పెట్టిన చెయ్యి ఎవరిదో తెలుసుకుందామని అతని గురించి చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ ఆ సంపదకంటే ఆ పోటీతత్వమే నన్నెక్కువ ఆలోచనలో పడేసింది.

రిలేషనల్ డేటాబేసు ఊహ అతనిది కాదు. 1970లో ఐబీఎం శాస్త్రవేత్త ఎడ్గార్ కాడ్ ఆ సిద్ధాంతాన్ని ప్రచురించాడు. దాన్ని అమ్మకానికి తేవడంలో ఐబీఎం తాత్సారం చేసింది. 1977లో ఎల్లిసన్, బాబ్ మైనర్, ఎడ్ ఓట్స్ కలిసి ఒక చిన్న సంస్థ పెట్టి, 1979లో ఐబీఎం కంటే ముందే సరుకును అంగట్లో పెట్టారు. దానికి పెట్టిన పేరు ‘వెర్షన్ 2’. వెర్షన్ 1 అన్నది అమ్మకానికి రానేలేదు! మొదటిదంటే కొనేవాడు జంకుతాడని ఆ ఎత్తు. పరుగు మొదలవకముందే ఒక అడుగు ముందుండాలన్న తహతహ అక్కడే కనిపిస్తుంది.

ఆ తర్వాత ప్రత్యర్థులు మారుతూ వచ్చారు. మైక్రోసాఫ్టును సమర్థించే సంఘాల గుట్టు లాగడానికి ఒరాకిల్ డిటెక్టివులను పెట్టిందని 2000లో బయటపడినప్పుడు, ఎల్లిసన్ సిగ్గుపడలేదు సరికదా, అది ప్రజాసేవేనని సమర్థించుకున్నాడు.

వ్యాపారం చాలక సముద్రం మీదికీ వెళ్ళాడు. 1998 డిసెంబరులో సిడ్నీ నుంచి హోబార్ట్‌కు జరిగిన తెరచాప పడవల పందెంలో 115 పడవలు బయలుదేరాయి. దారిలో పెనుతుఫాను. ఐదు పడవలు మునిగాయి, ఆరుగురు నావికులు చనిపోయారు. గమ్యం చేరినవి 44. అందులో మొట్టమొదటిది ఎల్లిసన్ పడవ ‘సయొనారా’. గెలిచి ఒడ్డెక్కిన ఆ మనిషి ఇక ఈ పందెం జోలికి రానన్నాడు. సముద్రానికి పోటీ అంటే ఏమిటో తెలియదు. దాన్ని ఓడించానని ఎవరూ చెప్పుకోలేరు. అతని కథ మొత్తంలో నాకు అతను మనకు దగ్గరగా కనిపించిన ఘట్టం అదొక్కటే.

కానీ పందేలు మానలేదు. 2013లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన అమెరికాస్ కప్‌లో అతని జట్టు న్యూజీలాండ్ చేతిలో 1-8తో వెనకబడి, వరసగా ఎనిమిది పందేలు నెగ్గి 9-8తో కప్పు దక్కించుకుంది. ఆ రోజుల్లోనే అదే ఊళ్ళో తన కంపెనీ మహాసభ జరుగుతుంటే, చెయ్యవలసిన ప్రసంగం మానేసి పడవల దగ్గరే ఉండిపోయాడు. 2017లో అదే న్యూజీలాండ్ ఆ కప్పును తిరిగి పట్టుకుపోయింది.

2025 సెప్టెంబరులో, 81 ఏళ్ళ వయసులో, ఒకరోజు బ్లూంబర్గ్ జాబితాలో ప్రపంచంలోకెల్లా ధనవంతుడయ్యాడు. ఆ స్థానంలో ఉన్నది కొన్ని గంటలు. మన గొప్పను కొలిచే బద్ద ఎదుటివాడి చేతిలో ఉంటే, అతను రెండంగుళాలు జరిగినప్పుడల్లా మన ఎత్తు మారిపోతుంది.

ఇక్కడ నాకు బాబ్ మైనర్ గుర్తొస్తాడు. తొలి వెర్షన్ల కోడులో చాలాభాగం రాసినవాడు. పనివాళ్ళను అర్ధరాత్రిదాకా కూర్చోబెట్టడం తప్పనీ, వాళ్ళు ఇంటికెళ్ళి పెళ్ళాంపిల్లల మొహం చూడాలనీ అతని మతం. 1994లో కేన్సరుతో పోయాడు. నేను తిన్న అన్నంలో అతని వాటా తక్కువేమీ కాదు, అయినా మా కోర్సులో ఎవరూ అతని పేరు చెప్పలేదు.

అలాగని ఎల్లిసన్‌ను తీసిపారెయ్యలేను. అతని దూకుడే లేకపోతే మైనర్ రాసిన కోడు మా వీధిదాకా వచ్చేది కాదేమో! మా అమ్మాయి ఇంటరులో ఉంది. కాలేజీలో వారంవారం ర్యాంకులు అంటిస్తారు. తనకెన్ని వచ్చాయో చెప్పేముందే పక్కపిల్లకెన్ని వచ్చాయో చెబుతుంది. లెక్క తేలేదాకా లేవని ఆ పిల్ల పట్టుదల నాకు ముచ్చటగా ఉంటుంది. పక్కపిల్లకు తగ్గినప్పుడు ఆ కళ్ళలో కనిపించే తృప్తి చూస్తే భయమేస్తుంది. రెండోదాన్ని తుంచితే మొదటిది వాడిపోతుందా? ఆ రెండూ ఒకే వేరునుంచి మొలుస్తాయా? పిల్లల్ని పెంచుతున్నవాళ్ళు మీలో చాలామంది ఉన్నారు. మీకేమనిపిస్తుంది?