అబ్బాజాన్ నడక

పాడేరులో మా అబ్బాజాన్ ఐదు పూటలా నమాజుకు నడిచే వెళ్లేవారు. మంచు కమ్మిన వేకువలోనూ ఆయన చెప్పుల చప్పుడు విని, ఫజ్ర్ వేళయిందని వీధివారు గ్రహించేవారు.

అమ్మీ మరణానంతరం ఆయనను హ్యూస్టన్‌కు తీసుకువచ్చాము. ఇక్కడ మస్జిదులకు కొదువ లేదు. ఇస్లామిక్ సొసైటీ ఆఫ్ గ్రేటర్ హ్యూస్టన్ ఒక్కటే నగరంలో అనేకం నడుపుతున్నది. కాని మాకు సమీపమైనదే తొమ్మిది మైళ్లు. మధ్యలో కేటీ ఫ్రీవే. 2008లో విస్తరించిన ఆ రహదారి, పక్కదారులతో కలిపి కొన్నిచోట్ల 26 వరుసలు. ఘాట్ రోడ్డు మలుపులకు ఏనాడూ జంకని అబ్బాజాన్ దానిని చూసి మౌనం వహించారు.

మొదటివారం, "కాలిబాట ఎక్కడ, బేటీ?" అని అడిగారు. రెండో నెలకు అడగడం మానివేశారు. కిటికీ పక్కనే జానిమాజ్ పరచుకునేవారు. మావారిది రాత్రిపని. నాకు కారు నడపడమంటే భయం. ఆయన మౌనం అంతకన్న ఎక్కువ భయపెట్టింది. నలభై రెండో ఏట స్టీరింగ్ పట్టాను. పరీక్షలో రెండుసార్లు తప్పాను. (రెండు కార్ల నడుమ కారును ఇరికించే ఆ విద్యను కనిపెట్టినవారిని అల్లాహ్ క్షమించుగాక!) మూడోసారి లైసెన్సు చేతికి వచ్చింది.

మరునాటి ఫజ్ర్‌కు బయలుదేరాము. మస్జిదు ద్వారం ముందే ఆపబోయాను.

"దూరంగా ఆపు బేటీ, కొంచెం నడవనీ" అన్నారు అబ్బాజాన్.