ఈతమట్ట, ఈతబెల్లం

ఖరగ్‌పూర్ పట్టణాన్ని పెంచినది రైలు. బెంగాల్–నాగపూర్ రైల్వే కర్మాగారంలో పనికై విశాఖ, శ్రీకాకుళం ప్రాంతాల నుండి తరలివచ్చిన క్రైస్తవ కుటుంబాలు తమతో తెలుగు బైబిలును, ఆవకాయ జాడీని కూడ తెచ్చుకొన్నాయి. అట్టి ఒక ఇంటి గృహిణికి ఋతుచక్రమే గృహధర్మాన్ని నేర్పింది.

శిశిరాంతాన శ్రమదినాలు రాగానే ఆమె వంటలో తీపి తగ్గుతుంది. మట్టల ఆదివారానికి పెరటి వెనుక ఈతచెట్టు మట్టలిస్తుంది. వైశాఖ సాయంకాలాలలో కాలవైశాఖి గాలివాన విరుచుకుపడక ముందే వడియాలు లోపలికి చేరాలి. వర్షాలలో ఎర్రమట్టి గడప దాటరాదు. దుర్గాపూజకు పొరుగు బెంగాలీ ఇల్లాలు పంపిన మిఠాయికి క్రిస్మసు అరిసెలతో బదులు చెల్లుతుంది. ఆ అరిసెల బెల్లమూ చలికాలంలో ఈతచెట్టు నుండి దించిన రసంతో వండినదే. ప్రభువు జననానికీ, శ్రమలకూ ఒకే చెట్టు ఆ ఇంటికి సామగ్రి సమకూర్చింది.

కాలం మారింది. పట్టణానికి విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కు వచ్చింది. కుమారుడు ఒక ఫ్యాక్టరీలో షిఫ్టుల మీద పనిచేస్తున్నాడు. యంత్రానికి ఋతువు లేదు, ఆదివారం లేదు. ఒక క్రిస్మసునాడు అతడు రాత్రిపని ముగించి వచ్చేసరికి దేవాలయంలో ఆరాధన ముగిసింది. ఆమె నొచ్చుకొన్నది గాని నిందించలేదు. బంగ్లా బడిలో చదివే మనుమరాలిని పిలిచి, తెలుగు వాక్యాన్ని కూడబలుకుకొని చదువుమన్నది. పిల్ల రెండుచోట్ల తడబడింది, తండ్రి అందించాడు.

నాటినుండి ఆ ఇంట కుటుంబ ప్రార్థన గడియారాన్ని బట్టి కాక, కుమారుడి రాకను బట్టి జరుగుతున్నది.