షాపబ్బాయి పెట్టిన పాస్‌వర్డ్

2025 ఆగస్టులో చాలామంది ఫోన్లలో కాల్ వచ్చినప్పుడు కనిపించే తెర ఉన్నట్టుండి మారిపోయింది. పైకి జరిపి ఎత్తే బొత్తాం కాస్తా పక్కకి జరపమంది. "ఎవడో హ్యాక్ చేశాడు" అని కొందరు, "నేనేమీ నొక్కలేదర్రా" అని ఇంకొందరు, ఇంట్లో ఫోన్ల సంగతి కాస్తో కూస్తో తెలిసిన కుర్రాడి ప్రాణం తోడేశారు. గూగుల్ తన ఫోన్ యాప్‌కి కొత్త రూపం ఇచ్చింది, అంతే. ఎవరినీ అడగలేదు.

సిస్టం అప్‌గ్రేడ్‌కి ఆ మాత్రం మర్యాద ఉంది. అడుగుతుంది. ఇప్పుడా, రాత్రికా, రేపా అని రోజూ అడుగుతుంది. ముందుగా మీ డేటా బ్యాకప్ తీసుకోండి అని కింద సన్న అక్షరాల్లో చెప్తుంది కూడా. ఆ మాటని మనం సిగరెట్ పెట్టె మీది హెచ్చరికని చదివినట్టు చదువుతాం.

అలా చదవడంలో పెద్ద తప్పేం లేదు, మామూలుగా అప్‌గ్రేడ్‌లో ఏదీ పోదు కాబట్టి. 2016లో వచ్చిన ఆండ్రాయిడ్ 7 నుంచి ఒక మంచి ఏర్పాటు ఉంది. సిస్టం రెండు ప్రతులుగా ఉండేలా చోటు కేటాయిస్తారు. మనం ఒకదానిమీద వాట్సాప్ చూసుకుంటూ ఉండగానే కొత్తది రెండోచోట చేరుతుంది. రీస్టార్ట్ చేశాక కొత్తది లేవకపోతే ఫోన్ పాతదాంతోనే లేస్తుంది. మన ఫొటోలూ మెసేజీలూ ఈ రెంటిలోనూ ఉండవు, వేరేచోట ఉంటాయి. కొన్ని కంపెనీలు దీన్ని చాలా ఆలస్యంగా పెట్టుకున్నాయి గాని, ఇప్పుడు వస్తున్న ఫోన్లలో చాలావాటికి ఉంది.

అయినా అప్పుడప్పుడు తేడా కొడుతుంది. 2014 సెప్టెంబర్‌లో ఐఓఎస్ 8.0.1 వేసుకున్న కొత్త ఐఫోన్లకి నెట్‌వర్కే లేకుండా పోతే ఆపిల్ ఆ అప్‌డేట్‌ని అదే రోజు వెనక్కి తీసుకుంది. 2023 అక్టోబర్‌లో ఆండ్రాయిడ్ 14 వచ్చినప్పుడు, ఒకే ఫోన్‌లో ఒకటికి మించి ప్రొఫైళ్లు పెట్టుకున్న కొందరు పిక్సెల్ వాళ్లకి సొంత ఫైళ్లే తెరుచుకోలేదు. ఇవి అరుదైనవి. మన ఊళ్లలో ఎక్కువగా జరిగేది ఇంకోటి. నాలుగేళ్ల ఫోను, కడుపు నిండా వీడియోలు, మధ్యాహ్నానికే చచ్చే బ్యాటరీ. అప్‌డేట్ మధ్యలో కంపెనీ బొమ్మ దగ్గర ఆగిపోతుంది. సర్వీస్ సెంటర్‌కి పట్టుకెళ్తే కౌంటర్‌లో అమ్మాయి తలెత్తకుండా చెప్తుంది: "రీసెట్ చేయాలండీ. డేటా పోతుంది. ఇక్కడ సంతకం పెట్టండి." బ్యాకప్ అవసరం తెలిసొచ్చేది ఆ సంతకం దగ్గర.

తెనాలిలో మా మామయ్యకి ఈ మధ్య అలాంటి అప్‌గ్రేడే వచ్చింది. "ఒరేయ్, ఇది రోజూ అడుగుతోంది, నొక్కమంటావా?" అని ఫోన్ చేశాడు. ఆదివారం వస్తాను, అప్పటిదాకా ఆగమన్నాను. వెళ్లేసరికి సెట్టింగులు తెరిచి సిద్ధంగా ఉన్నాడు. "చూడు, బ్యాకప్ ఆన్‌లోనే ఉంది. నాకు తెలీదనుకున్నావా?"

నిజమే, ఆన్‌లోనే ఉంది. నిన్న రాత్రి కూడా వెళ్లినట్టు చూపిస్తోంది. ఎక్కడికి వెళ్లిందో చూస్తే, మామయ్య ఇంటిపేరు తప్పుగా రాసి, పక్కన నాలుగంకెలు తగిలించిన ఒక జీమెయిల్ ఖాతాకి.

"ఇదెవరిది మామయ్యా?"

"నాదేరా. ఫోన్ కొన్న రోజు షాపబ్బాయి పెట్టాడు."

"పాస్‌వర్డో?"

"వాడికే తెలుసు."

ఆ షాపు ఉన్నచోట ఇప్పుడు బిర్యానీ పాయింటుంది. ఖాతాలో రికవరీ నంబరు ఏదో ఉంది. చివరి రెండంకెలు మాత్రం కనిపిస్తున్నాయి, అవి మా ఇంటి నంబర్లలో ఎవరివీ కావు.

ఇది మామయ్య ఒక్కడి కథ కాదు. స్మార్ట్‌ఫోన్ కొన్న పెద్దవాళ్లలో ఎంతమంది జీమెయిల్ ఇలా కౌంటర్ మీద రెండు నిమిషాల్లో పుట్టిందో! ఫోన్ పనిచేస్తున్నన్నాళ్లూ ఆ ఖాతాతో ఎవరికీ పనిపడదు. పాస్‌వర్డ్ అడిగేది ఫోన్ పోయినప్పుడు, లేదా తుడిచేసినప్పుడు. పైగా 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 5.1 నుంచి దొంగలకోసం పెట్టిన ఒక కాపలా ఉంది. బలవంతంగా రీసెట్ చేసిన ఫోన్ మళ్లీ లేవాలంటే అంతకుముందున్న గూగుల్ ఖాతా వివరాలో, కొన్ని ఫోన్లలో పాత స్క్రీన్‌లాకో చెప్పాలి. చెప్పలేకపోతే సొంతదారైనా దొంగకిందే లెక్క. ఏళ్లతరబడి రాత్రుళ్లు బుద్ధిగా తీసుకున్న బ్యాకప్ మొత్తం ఎవరూ తెరవలేని ఖాతాలో పడుంటుంది, చేతిలో ఫోన్ కూడా పనికిరాకుండా పోవచ్చు.

అందుకే ఎవరైనా నన్ను బ్యాకప్ గురించి అడిగితే ఫొటోల జోలికి ముందు వెళ్లను. ఖాతా ఎవరిది, పాస్‌వర్డ్ తెలుసా, రికవరీ నంబరు ఎవరి చేతిలో ఉంది? వీటికి జవాబు లేకుండా మిగతాదంతా దండగ. మామయ్య ఫోన్ ఇంకా లాగిన్ అయ్యే ఉంది కాబట్టి, పాస్‌వర్డ్ మరిచిపోయాననే దారిన వెళ్తే స్క్రీన్‌లాక్ చూపించమని మార్చుకోనిచ్చింది. రీసెట్ అయ్యాక వెళ్లుంటే ఈ తలుపు ఉండేది కాదు. రికవరీకి అత్తయ్య నంబరిచ్చాం. రెండంచెల తనిఖీ పెట్టి, గూగుల్ ఇచ్చే పది బ్యాకప్ కోడ్లు తెరమీదికి తెచ్చాం. ఒక్కోటీ ఎనిమిదంకెలు, ఒక్కసారే పనికొస్తుంది. ఓటీపీ వచ్చే ఫోనే చచ్చిపోయిన రోజున ఇవే దిక్కు.

కాంటాక్టుల దగ్గర మాత్రం కాలక్షేపం అయింది. కొన్ని సిమ్‌లో, కొన్ని ఫోన్‌లో, మిగతావి ఆ షాపబ్బాయి ఖాతాలో. గ్యాస్ శీను, గ్యాస్ శీను కొత్త, కరెంటు లైన్‌మేన్ పెద్ద, పంతులుగారు పెళ్లిళ్లు, పంతులుగారు తద్దినాలు. మధ్యలో ఒక పేరు, ఎత్తొద్దు.

"ఇదెవరు?"

"చిట్టీలవాడు. నీకెందుకులే."

కాంటాక్ట్స్ యాప్‌లో ఎక్స్‌పోర్ట్ అని నొక్కితే ఈ లోకమంతా కలిసి ఒకే ఫైలవుతుంది, చివర వీసీఎఫ్ అని ఉంటుంది. వందల పేర్లున్నా సాధారణంగా ఒక ఫొటో అంత కూడా బరువుండదు. దాన్ని ఈమెయిల్‌కి పంపుకుంటే చాలు. ఎత్తొద్దుతో సహా అందరూ భద్రం.

ఫొటోల సంగతి అందరికీ తెలుసనుకుంటాం గాని, తెలిసింది సగమే. 2021 జూన్ 1 దాకా గూగుల్ ఫొటోస్‌లో కాస్త కుదించిన ఫొటోలు ఎన్నయినా ఉచితంగా దాచుకోనిచ్చేవారు. ఆ రోజు నుంచి కొత్తగా ఎక్కించేవన్నీ 15 జీబీ లెక్కలోకి వస్తున్నాయి. జీమెయిల్, డ్రైవ్, ఫొటోలు అన్నిటికీ కలిపి ఆ 15 జీబీయే. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ బ్యాకప్ కూడా ఒకప్పుడు లెక్కలో ఉండేది కాదు, ఇప్పుడు ఉంది. అంటే మన పెద్దవాళ్ల గుడ్ మార్నింగ్ గులాబీలు, శుక్రవారం లక్ష్మీదేవులు, ఎన్నికల వీడియోలు వెళ్లి మనవరాలి అన్నప్రాసనకి చోటు లేకుండా చేస్తాయి. చోటు నిండితే బ్యాకప్ ఆగిపోతుంది. ఆగిపోయిందని ఫోన్ చెప్తుంది, చెప్పిన మాటని మనం వేలితో పక్కకి తోసేస్తాం. ఐఫోన్ వాళ్ల పరిస్థితి ఇంకా ఇరుకు, ఉచితంగా ఇచ్చేది 5 జీబీయే.

చాలామంది మోసపోయేది ఇంకోచోట ఉంది. ఫోన్‌లోదీ క్లౌడ్‌లోదీ రెండు వేర్వేరు కాపీలనుకుంటారు. ఫొటోస్ యాప్‌లో ఒక బొమ్మని చెరిపేస్తే అది రెండుచోట్లా పోతుంది. గూగుల్‌లో బ్యాకప్ అయినవి 60 రోజులు, ఐక్లౌడ్‌లో అయితే 30 రోజులు చెత్తబుట్టలో ఉంటాయి, ఆ తర్వాత ఉండవు. ఫోన్‌లో చోటు కావాలంటే ఫ్రీ అప్ స్పేస్ అనే బొత్తాం వేరే ఉంది, అది బ్యాకప్ అయినవాటిని ఫోన్‌లోంచి మాత్రమే తీస్తుంది. ఒకచోట చెరిపితే రెండోచోటా చెరిగిపోయేదాన్ని నేను బ్యాకప్ అనను. అందుకే అప్‌గ్రేడ్‌కి ముందు ఒకసారి కేబుల్ తీయాల్సిందే అంటాను. ల్యాప్‌టాప్‌కి తగిలిస్తే ఫోన్ ముందు ఛార్జింగ్ మాత్రమే చేసుకుంటుంది. పైనుంచి నోటిఫికేషన్ లాగి ఫైల్ ట్రాన్స్‌ఫర్ అని మార్చాలి. డీసీఐఎం అనే ఫోల్డర్‌లో కెమెరా ఫొటోలుంటాయి. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తుంటే పెళ్లి వీడియో ఒక్కటీ మొరాయిస్తే డ్రైవ్ పాడయిందనుకోకండి, ఫ్యాట్32 పద్ధతిలో ఉన్నది 4 జీబీ మించిన ఫైలుని తీసుకోదు.

కేబుల్ పెట్టినప్పుడే ఇంకో సంగతి బయటపడింది. రికార్డింగ్స్ అనే ఫోల్డర్‌లో ఒకే ఒక్క ఫైలుంది. మా అమ్మమ్మ పాడిన మంగళహారతి. మధ్యలో కుక్కర్ కూత, "ఆపవే దాన్ని" అని అమ్మమ్మ కేక, మళ్లీ పాట. ఎప్పుడో తీసింది ఫోన్లు మారుతూ ఇక్కడిదాకా వచ్చింది. గూగుల్ ఫొటోస్‌కి ఫొటోలూ వీడియోలూ తప్ప శబ్దం పట్టదు. ఆండ్రాయిడ్ తనంతట తాను తీసే బ్యాకప్‌లో ఎస్ఎమ్ఎస్‌లు, కాల్ వివరాలు, సెట్టింగులు వెళ్తాయి, ఒక్కో యాప్ సొంత డేటాకి 25 ఎంబీ మించి చోటివ్వదు. ఈ పాట ఏ బ్యాకప్‌లోనూ లేదు. బ్యాకప్ పూర్తయిందన్న పచ్చగుర్తు మాత్రం ఉంది. ఏది పోతే బాధపడతామో ఫోన్‌కి తెలిసే దారి లేదు. అది తనకి అందినవాటిని లెక్కపెట్టి సరిపోయిందంటుంది. మా పిన్ని అయితే పాలలెక్క నోట్స్ యాప్‌లో రాస్తుంది. ఇంకెవరో పొలం సర్వే నంబర్లు తమకి తామే వాట్సాప్‌లో పంపుకుంటారు. ఎవరి ఫోన్ వాళ్లు తిరగేసుకోవాలి.

వాట్సాప్ బ్యాకప్‌ని తిరిగి తెచ్చుకోవాలంటే అదే ఫోన్ నంబరు, అదే గూగుల్ ఖాతా ఉండాలి. అందులో తాళం వేసుకునే సౌకర్యం 2021లో వచ్చింది. పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు, లేదా 64 అంకెల తాళం తీసుకోవచ్చు. ఫోన్ పోయి, అదీ మరిచిపోతే వాట్సాప్ వాళ్లు కూడా తీయలేరు. మంచిదే, కానీ మరిచిపోయేవాళ్లకి కాదు.

ఫోన్‌పేలో డబ్బులు పోతాయేమోనని అత్తయ్య వంటింట్లోంచే అడిగింది. డబ్బు ఉన్నది బ్యాంకులో, యాప్ ఒట్టి కిటికీ. తిరిగి పెట్టుకునేటప్పుడు బ్యాంకుకిచ్చిన నంబరున్న సిమ్ నుంచి ఒక ఎస్ఎమ్ఎస్ వెళ్లాలి. కాబట్టి సిమ్ ఉండాలి, దాంట్లో ఎస్ఎమ్ఎస్ వెళ్లే రీఛార్జి ఉండాలి. పిన్ గుర్తులేకపోతే డెబిట్ కార్డు గానీ, ఆధార్‌కి కలిపిన నంబరు గానీ చేతిలో ఉండాలి. అందుకే తిరుపతి రైలెక్కబోయే ముందురోజు రాత్రి అప్‌డేట్ నొక్కేవాళ్లని చూస్తే నాకు ఆశ్చర్యం.

అన్నీ ఎక్కించాక మామయ్య ల్యాప్‌టాప్‌లో ఆ పాటని ఒకసారి మోగించి చూశాం. పేరుకి ఫైలు ఉండి తెరుచుకోనివి ఉంటాయి మరి. కాంటాక్టుల ఫైలు కూడా తెరిచాం. పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫర్ వల్ల ప్రచారమైన లెక్క ఒకటుంది. మూడు కాపీలు, రెండు రకాల వస్తువుల మీద, అందులో ఒకటి ఇంటి బయట. మాకు ఫోను, ల్యాప్‌టాపు, క్లౌడు కుదిరాయి. అప్పుడు నొక్కమన్నాను. కాఫీ తాగి కప్పులు లోపల పెట్టేలోపు ఫోన్ కొత్త తెరతో లేచింది. ఏదీ పోలేదు.

పాస్‌వర్డూ, పది కోడ్లూ మామయ్య డైరీ చివరి పేజీలో రాసుకున్నాడు. పాస్‌వర్డ్ కాగితం మీద రాయకూడదంటారు. ఆఫీసులో బల్లకి అంటించుకునేవాళ్లకి ఆ మాట చెల్లుతుంది. డెబ్బై దాటిన మనిషికి మాత్రం రాయమనే చెప్తాను. ఏ దేశంలోనో కూర్చున్న దొంగ తెనాలిలో బీరువా తెరవలేడు. యూపీఐ పిన్ ఒక్కటీ రాయనివ్వలేదు.

అత్తయ్య అంతా విని, "ఆ డైరీ పోతే?" అంది.

"జిరాక్స్ తీయించుకొస్తాలే" అని మామయ్య చెప్పులు వెతుక్కున్నాడు.

"జిరాక్స్ కొట్టువాడికి కూడా చెప్పొస్తారా ఏంటి? కూర్చుని ఇంకో కాయితం మీద రాయండి. వీడు తీసుకెళ్లి వాళ్లింట్లో పెడతాడు."

మామయ్య కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, ఎనభై అంకెలూ రెండోసారి రాయడానికి కూర్చున్నాడు. మధ్యలో ఒకసారి తలెత్తి, "ఇది ఏడా, ఒకటా?" అని అడిగాడు.