ఎర్ర మూత

మా అమ్మకు 76 ఏళ్లు. చక్కెర జబ్బుకు మాత్రలు చాలక డాక్టరుగారు నిరుడు ఇన్సులిన్ రాశారు. పొద్దున పలహారానికి అరగంట ముందు ఇరవై యూనిట్లు.

మా హోసూరులో మాత్రలకు చింత లేదు. 2021 ఆగస్టులో మా కృష్ణగిరి జిల్లాలోనే మొదలైన ‘మక్కళై తేడి మరుత్తువం’ పథకం వచ్చాక చక్కెరకూ రక్తపు పోటుకూ మాత్రలు గడప దాకా తెచ్చి ఇస్తున్నారు. సూదికి అది చాలదు గదా! పొడిచే చెయ్యి కావాలి. అమ్మకు చూపు ఆనదు. నా భార్య సూది చూస్తేనే కళ్లు మూసుకుంటుంది. నేనా, ఏడున్నరకు బస్సు ఎక్కవలసిన గుమాస్తాను. అమ్మ పూజ ముగించి పలహారానికి కూర్చునేసరికి ఎనిమిదిన్నర. సూది ముందే వేసి తిండి ఆలస్యమైతే కళ్లు తిరిగి పడిపోతుంది.

అమ్మకు తోడుగా పగలు ఒక అమ్మాయి వస్తుంది. ఆ పిల్లకే అప్పగిద్దామంటే, “అంట్లు తోమే చేత్తో సూదా?” అంది అమ్మ. నిజం చెప్పాలంటే నా మనసులోనూ అదే ఉంది. ఆమె పైకి అన్నది, అంతే.

మా చిన్నాన్న కూతురు ఇంగ్లండులో ఇళ్లకు వెళ్లి రోగులను చూసే నర్సు. ఫోనులో అడిగితే నవ్వింది. “ఇక్కడ మేమూ ఆ పనే చేస్తున్నాం అన్నయ్యా. జబ్బు నిలకడగా ఉన్నవాళ్లకు, శిక్షణ ఇచ్చి సహాయకుల చేత వేయిస్తాం. ఒకరికి వెయ్యడం నేర్చుకున్నంత మాత్రాన అందరికీ వెయ్యకూడదు. ఫలానా ఆమెకు అప్పగించవచ్చునన్న నిర్ణయానికి నర్సు జవాబుదారీ. నేర్పినట్టు చెయ్యడానికి ఆమె జవాబుదారీ. ఎప్పుడు వెయ్యకూడదో కూడా నేర్పించు” అంది.

డాక్టరుగారి దగ్గరి నర్సమ్మ వారం రోజులు దగ్గరుండి నేర్పింది. సీసాను కుదపకుండా అరచేతుల మధ్య దొర్లించడం, పొట్ట మీద రోజూ చోటు మార్చడం, అన్నిటికన్న ముందు వేలి రక్తం చూడడం. చక్కెర 70 కన్న తక్కువైతే సూది మాని, పంచదార నీళ్లిచ్చి, ఫోను చెయ్యడం. నేను ఆఫీసు అలవాటు చొప్పున ఒక పుస్తకంలో గళ్లు గీశాను. తేదీ, చక్కెర, యూనిట్లు, కుడియా ఎడమా, సంతకం. అంతా ముచ్చటగా తెలుగులో రాశాక గుర్తొచ్చింది, ఆ పిల్లకు తమిళమే వచ్చునని! మళ్లీ రాశాను.

రెండు నెలలు సవ్యంగా జరిగింది. ఒక శనివారం సూదులు అయిపోతే కొట్టుకు పోయి నేనే తెచ్చాను. ఆదివారం ఆ పిల్లకు సెలవు గనుక ఎప్పటిలా నేనే వేశాను. సోమవారం ఆఫీసుకు ఫోను వచ్చింది. “సూది వెయ్యలేదు సార్.” చక్కెర 290 ఉందట. నాకు ఒళ్లు మండింది. ఎందుకు వెయ్యలేదని కసిరాను.

“మూత ఎరుపు కాదు సార్. నారింజ రంగు.”

మా సీసా మిల్లీలీటరుకు 40 యూనిట్లది. దానికి ఎర్ర మూత సూది. నారింజ మూతది 100 యూనిట్ల మందుకు. దానితో ఇరవై గీత దాకా లాగితే లోపలికి పోయేది ఎనిమిదే. అదే 100 యూనిట్ల మందును ఎర్ర మూత సూదితో లాగి ఉంటే రెండున్నర రెట్లు పోయి, ప్రాణం మీదికి వచ్చేది. ఇరవై ఏళ్లుగా ఇతరుల లెక్కలు సరిచూసే ఉద్యోగం నాది. ఆదివారం గడిలో 20 అని వేసి, కింద సంతకం పెట్టినవాణ్ణీ నేనే.

సెలవు చీటీ ఇచ్చి, దారిలో ఎర్ర మూతలు కొని, డాక్టరుగారికి చెప్పి ఇల్లు చేరాను. అమ్మ పలహారం ముట్టకుండా కూర్చుంది. “నన్ను తర్వాత చూద్దువుగాని, నువ్వు కసిరావని అది ఏడుస్తోంది, ముందు దాని సంగతి చూడు” అంది.

పుస్తకంలో 20 కొట్టేసి 8 అని వేశాను. పక్కన కారణం తమిళంలో రాసి, ఆ అమ్మాయి చేత సంతకం పెట్టించాను.

ఇప్పుడు ఆదివారం నేను సూది పట్టుకుంటే చాలు, అమ్మ మూత రంగు అడుగుతుంది.