పాదమే మూలం: గోల్ఫ్ క్రీడపై ఒక స్వానుభవ విచారణ

గోల్ఫ్ క్రీడను దూరం నుండి వీక్షించేవారికి అది కేవలం హస్తకౌశలంగా భాసిస్తుంది. ఆటగాడు చేతులతో క్లబ్బును ఎత్తుతాడు, చేతులతో దించుతాడు, బంతి ఎగిరిపోతుంది. అయితే పన్నెండు సంవత్సరాలుగా ఈ క్రీడను అభ్యసిస్తున్న నాకు క్రమక్రమంగా అవగతమైన సత్యం వేరు. బంతిని పంపే శక్తికి జన్మస్థానం చేయి కాదు. భూమిని ఆధారంగా చేసుకొని నిలిచిన పాదం. చేయి ఆ శక్తిని చివరకు మోసుకొనిపోయే వాహకం మాత్రమే.

ఈ విషయాన్ని ఇప్పుడు విచారించడానికి ఒక ప్రత్యేక కారణం కలదు. మధుమేహం వలన నా పాదాలలోని నాడులు క్షీణించి, గత రెండు సంవత్సరాలుగా అరికాళ్ళు స్పర్శజ్ఞానాన్ని కోల్పోతున్నాయి. ఈ క్రీడకు ఏ అవయవం మూలమో, ఆ అవయవమే నాకు వార్త పంపడం మానివేస్తున్నది. ఆట విడువవలెనా, కొనసాగించవలెనా, కొనసాగిస్తే దేనిని ఆశ్రయించవలెను అనే ప్రశ్న నా ఎదుట నిలిచినది. ఆ ప్రశ్నకు సమాధానం వెదకే క్రమంలో స్వింగ్ యొక్క స్వరూపాన్నే మొదటినుండి మరల పరిశీలించవలసి వచ్చినది.

పాఠకులలో గోల్ఫ్ ఎరుగనివారే అధికులు కావచ్చును గనుక, ముందుగా ఆ స్వరూపాన్ని సంక్షేపంగా నివేదిస్తాను. కుడిచేతివాటం గల ఆటగాడు లక్ష్యంవైపు తన ఎడమ భుజం ఉండేట్లు, పాదాలను ఇంచుమించు భుజాల వెడల్పున ఎడంగా ఉంచి నిలుస్తాడు. క్లబ్బును వెనుకకు ఎత్తునప్పుడు మొండెం కుడివైపునకు తిరుగుతుంది. శరీరభారం కుడి మడమవైపు చేరుతుంది. తరువాత జరిగేదే ఈ క్రీడలోని రహస్యం. క్లబ్బు ఇంకా వెనుకకు పోతూ ఉండగానే, భారం ఎడమ పాదం మీదికి మరలడం ఆరంభిస్తుంది. పైభాగం ఒక దిశలో, అధోభాగం మరొక దిశలో కదిలే ఆ క్షణంలో శరీరం వింటినారివలె బిగుస్తుంది. ఎడమ పాదం నేలను అదుముతుంది. నేల అంతే బలంతో పాదాన్ని తిరిగి నెడుతుంది. ఆ ప్రతిక్రియతో ముందుగా నడుము తిరుగుతుంది, దానిని అనుసరించి వక్షం, దానిని అనుసరించి బాహువులు, అన్నిటికంటె చివర క్లబ్బు. ఒక్కొక్క అంగం వేగాన్ని అందుకొని, తాను నెమ్మదించి, ఆ వేగాన్ని తరువాతి అంగానికి అప్పగిస్తుంది. ఉత్తమ క్రీడాకారులలో డ్రైవర్ అనే దీర్ఘమైన క్లబ్బు కొన గంటకు 180 కిలోమీటర్లు దాటిన వేగంతో బంతిని చేరడానికి కారణం ఈ పరంపరయే. చేతులు తొందరపడి ముందుగా బయలుదేరితే పరంపర భగ్నమవుతుంది. బలవంతుడు కొట్టినా బంతి దూరం పోదు.

ఇక కాలాన్ని గమనించండి. నిపుణులలో క్లబ్బును వెనుకకు ఎత్తడానికి పట్టే కాలం, దానిని బంతి వరకు దించడానికి పట్టే కాలానికి సుమారు మూడు రెట్లు. దించే కాలం దాదాపు పావు సెకను. కంటికి కనిపించినదానికి శరీరం ప్రతిస్పందించడానికే ఇంచుమించు సెకనులో ఐదవ వంతు కావలెను. అనగా క్లబ్బు దిగడం ఆరంభమైన తరువాత బుద్ధిపూర్వకంగా సవరించుకొనే అవకాశం శూన్యప్రాయం. ఇంకా ఆశ్చర్యకరమైనది బంతికీ క్లబ్బుకూ మధ్య జరిగే స్పర్శ. అది సెకనులో సుమారు రెండువేలవ వంతు కాలం మాత్రమే. ఆ తాకిడి వార్త చేతినుండి మెదడుకు చేరేలోపుననే బంతి క్లబ్బును విడిచి వెళ్ళిపోయి ఉంటుంది. "బాగా తగిలింది" అనే ఆనందం గానీ, "తప్పిపోయింది" అనే ఖేదం గానీ ఏ ఆటగాడికైనా కార్యం ముగిసిన తరువాత అందే సమాచారమే.

కావున ఆటగాని అధికారం ఎక్కడ ఉన్నది? బంతి గమనంలో లేదు, తాకిడిలో లేదు, దిగుతున్న క్లబ్బులో కూడ లేదు. నిలబడే తీరులో, పట్టులో, పాదాల అమరికలో, మొదటి కదలికలోని నిదానంలో మాత్రమే ఉన్నది. కర్మాధికారానికీ ఫలాధికారానికీ గీతాచార్యుడు రెండవ అధ్యాయంలో చూపిన భేదాన్ని సాధకులు బహుకాలంగా మననం చేస్తున్నారు. ఆ భేదాన్ని గడియారంతో కొలిచి చూపగల క్రీడగా నాకు గోల్ఫ్ తోచినది.

ఈ సామ్యాన్ని పాశ్చాత్య రచయితలు గుర్తింపకపోలేదు. 1956-57 కాలంలో పుదుచ్చేరిలోని శ్రీ అరవిందాశ్రమంలో నివసించిన మైకేల్ మర్ఫీ 1972లో 'గోల్ఫ్ ఇన్ ద కింగ్‌డమ్' అనే గ్రంథాన్ని ప్రకటించాడు. 1995లో స్టీవెన్ ప్రెస్‌ఫీల్డ్ రచించిన 'ద లెజెండ్ ఆఫ్ బ్యాగర్ వాన్స్' అనే నవల భగవద్గీతా కథాసన్నివేశాన్ని గోల్ఫ్ మైదానంలోనికి మార్చినది. అందులో విషాదగ్రస్తుడైన ఆటగాని పేరు ఆర్. జూనా, ఉచ్చరించి చూస్తే అర్జున నామం ధ్వనిస్తుంది. ఉపదేశించేవాడు అతని క్లబ్బుల సంచిని మోసే క్యాడీ. అతని పేరులో భగవాన్ శబ్దం దాగి ఉన్నది. సారథి స్థానంలో క్యాడీని నిలిపిన ఆ కల్పన ఎంత సముచితమో మైదానంలో నడిచినవారికి తెలుస్తుంది. ఆటగాడు తనను తాను చూచుకోలేడు; క్యాడీ చూస్తాడు.

పాదవిన్యాసాన్ని శాస్త్రీయంగా బోధించినవారిలో బెన్ హోగన్ అగ్రగణ్యుడు. 1957లో వెలువడిన 'ఫైవ్ లెసన్స్' గ్రంథంలో ఆయన సూచించిన అమరిక నేటికీ ప్రమాణం. కుడి పాదం లక్ష్యరేఖకు లంబంగా ఉండవలెను. ఎడమ పాదపు కొన కొంచెం లక్ష్యంవైపు తిరిగి ఉండవలెను. కుడి పాదం లంబంగా ఉంటే వెనుకకు తిరిగేటప్పుడు నడుము మితిమీరి తిరగదు. ఎడమ పాదం తెరచుకొని ఉంటే ముందుకు తిరిగేటప్పుడు నడుముకు మార్గం లభిస్తుంది, మోకాలిపై మెలిక భారం తగ్గుతుంది. ఒక పాదం నియమం, మరొక పాదం స్వేచ్ఛ.

ఆ హోగన్ జీవితంలోనే పాదాలకు పరీక్ష వచ్చినది. 1949 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో ఆయన కారును ఎదురుగా వచ్చిన బస్సు ఢీకొన్నది. ప్రక్కన కూర్చున్న భార్యను రక్షించడానికి ఆయన ఆమెపైకి అడ్డంగా ఒరిగాడు. కటి అస్థి, చీలమండ, జత్రుకాస్థి విరిగాయి. రక్తం గడ్డలు కట్టడంతో శస్త్రచికిత్స జరిగినది. కాళ్ళలో రక్తప్రసరణ జీవితాంతం మందగించినది. అయినను 1950 జూన్‌లో మెరియన్ మైదానంలో జరిగిన యు.ఎస్. ఓపెన్‌లో, కాళ్ళకు పట్టీలు చుట్టుకొని, ఒకే దినంలో 36 హోల్స్ నడిచి, మరునాడు మరి 18 హోల్స్ ఆడి విజేత అయ్యాడు. ఈ వృత్తాంతాన్ని నేను విజయగాథగా స్మరించడం లేదు. కాళ్ళు సహకరించనప్పుడు ఆయన చేతుల బలాన్ని పెంచుకోలేదు. ఉన్న కాళ్ళతోనే అదే క్రమాన్ని పాటించాడు. నాకు ఉపకరించిన అంశం అదియే.

ఉపకరణాల విషయం కూడ పాదాలతోనే ముడిపడి ఉన్నది. నియమాలు ఆటగానికి 14 క్లబ్బులకు మించి అనుమతింపవు. బంతి వ్యాసం 42.67 మిల్లీమీటర్లకు తగ్గరాదు, బరువు 45.93 గ్రాములకు మించరాదు. డ్రైవర్ శిరస్సు పరిమాణం 460 ఘన సెంటీమీటర్లకు పరిమితం. ఈ హద్దుల లోపల వ్యాపారులు ప్రతి సంవత్సరం నూతన సామగ్రిని ప్రదర్శిస్తూనే ఉంటారు. అయితే సామాన్య సాధకుడు ముందుగా తెలుసుకోవలసినది ఒకటే: క్లబ్బు పొడవు, దాని వాలు కలిసి మీ పాదాలు బంతికి ఎంత దూరంలో నిలువవలెనో నిర్ణయిస్తాయి. క్లబ్బు మరీ పొడవైతే భారం మడమలకు జారుతుంది. మరీ పొట్టిదైతే వ్రేళ్ళపైకి వాలుతుంది. ఆ రెండింటిలోనూ సమతౌల్యం ఆట ఆరంభానికి ముందే చెడుతుంది. అందుచేత నేను డ్రైవర్‌ను 44 అంగుళాలకు కుదించుకొన్నాను; ఐరన్‌లకు ఉక్కు షాఫ్టులను తీసివేసి తేలికైన గ్రాఫైట్ షాఫ్టులు వేయించుకొన్నాను. తేలికైన క్లబ్బును నిదానంగా ఎత్తినా శరీరం తూలదు.

ఇప్పుడు నా పాదాల స్థితికి వస్తాను. వైద్యులు కన్నులు మూసుకోమని చెప్పి, 10 గ్రాముల ఒత్తిడికి వంగే సన్నని నైలాన్ తంతువును అరికాలిలో పలుచోట్ల ఆనించి, తెలిసినప్పుడు చెప్పమన్నారు. ఎడమ బొటనవ్రేలి క్రింద తంతువు ఎప్పుడు ఆనినదో నాకు తెలియలేదు. నా స్వింగ్ మొత్తం ఆ బొటనవ్రేలి మూలం నుండియే పుట్టవలెను. సాంఖ్యశాస్త్రం పాదాన్ని కర్మేంద్రియాలలో గణించినది. స్పర్శను గ్రహించే త్వక్కును జ్ఞానేంద్రియాలలో చేర్చినది. ఆరోగ్యవంతునిలో ఆ రెండూ అరికాలియందు ఎంతగా కలిసి ఉంటాయంటే, ఆ భేదం పండితుల వర్గీకరణగా మాత్రమే తోస్తుంది. నాకు మాత్రం అది అనుభవమైనది. నా పాదం ఇప్పటికీ నేలను అదుముతున్నది. అదుముతున్నట్లు నాకు తెలియడం లేదు. కర్మ మిగిలినది, జ్ఞానం తొలగినది.

సామ్ స్నీడ్ వంటి మహాక్రీడాకారుడు సమతౌల్యం కోసం పాదరక్షలు లేకుండా ఆడి చూపినవాడు. నాకు ఆ మార్గం నిషిద్ధం. స్పర్శ లేని కాలికి ముల్లు గుచ్చుకొన్నా తెలియదు, ఆ గాయం మానదు. కావున అరికాలు చెప్పవలసిన వార్తను ఇతర ద్వారాల నుండి సేకరించడం అభ్యసిస్తున్నాను. విశాఖలో మార్గశిర, పుష్య మాసాలలో ఉదయాన పచ్చికపై మంచు పరచుకొని ఉంటుంది. ఆ మంచుమీద స్వింగ్ చేసి ప్రక్కకు తొలగితే, పాదాల కదలిక అంతా లిఖితమై కనిపిస్తుంది. ఎడమ బూటు ముద్ర స్పష్టంగా ఉంటే భారం చేరినట్లు. కుడి బూటు కొన దగ్గర చిన్న వలయం ఉంటే మడమ లేచి కాలు తిరిగినట్లు. కుడి ముద్ర చెక్కుచెదరకుండ ఉంటే భారం వెనుకనే నిలిచిపోయినట్లు. త్వగింద్రియం చెప్పనిదానిని నేత్రేంద్రియం చదువుతున్నది.

మంచు లేని మాసాలలో నాకు ఆధారం క్యాడీ. నా కుమారుని వయస్సు గల ఆ యువకుడు బంతి ఎటు పోయినదో చెప్పడానికి ముందు నా కాళ్ళను చూస్తాడు. "బంతి సంగతి తర్వాత బాబూ, ఎడమ కాలు మీద నిలబడలేదు మీరు" అని ఒకసారి అన్నాడు. ఆ బంతి మాత్రం గ్రీన్ మధ్యలో పడి ఉన్నది. ఫలం శుభమైనంత మాత్రాన కర్మ శుద్ధమని భ్రమింపవద్దని ఎన్నో ప్రవచనాలలో విన్నాను. సంచి మోస్తున్నవాడు దానిని ఒక్క వాక్యంలో చెప్పాడు. నేను "సరే నాయనా, మళ్ళీ నిలబడతాను, చూడు" అన్నాను.

ప్రతిదినం పది నిమిషాలు రెండు పాదాలను దగ్గరగా చేర్చి చిన్న స్వింగ్‌లు చేస్తాను. పాదాలు చేరి ఉన్నప్పుడు చేతులు దుడుకుగా కదిలితే శరీరం వెంటనే తూలుతుంది, తూలడమే గురువు. స్వింగ్ ముగిసిన తరువాత వక్షం లక్ష్యానికి అభిముఖంగా, కుడి పాదం కొనమీద లేచి, భారమంతా ఎడమకాలిపై ఉండేట్లు, బంతి నేలను చేరేవరకు కదలక నిలుస్తాను. అలా నిలువగలిగితే క్రమం సక్రమంగా జరిగినదని అర్థం. డ్రైవర్‌తో ఒకప్పుడు 190 గజాలు పోయే నా బంతి ఇప్పుడు 165 గజాలు పోతున్నది. 18 హోల్స్‌కు బదులు 9 హోల్స్‌తో విరమిస్తున్నాను. పోయిన స్పర్శ తిరిగి వస్తుందని వైద్యులు ఆశ చూపలేదు. నేనూ దానికోసం ఆడడం లేదు. బంతిని విడిచే క్షణం ఆరోగ్యవంతునికైనా తెలియనిదే గనుక, నాకు మిగిలిన అధికారం వారి అధికారం కంటె మరీ తక్కువ కాదు. నిలబడేటప్పుడు కొంచెం ఎక్కువ శ్రద్ధ అవసరం, అంతే.

మధుమేహం కలిగి ఈ క్రీడను అభ్యసించే పాఠకులకు ఒక విన్నపం. వైద్యుని సమ్మతి లేనిదే మైదానంలో దీర్ఘంగా నడువవద్దు. వ్రేళ్ళవద్ద విశాలంగా ఉండే బూట్లు ధరించండి. ధరించే ముందు లోపల చేయి పెట్టి రాయి గానీ, విరిగిన టీ ముక్క గానీ ఉన్నదేమో చూడండి. ఆట ముగియగానే మేజోళ్ళు విప్పి అరికాళ్ళను అద్దంలో పరిశీలించండి. వ్రేళ్ళ సందులను మరువకండి. స్కోరు కార్డును ఆ తరువాత చూచుకోవచ్చును.